కాన్సర్ట్‌లో మనం చేసిన రికార్డింగ్ ఎవరిది?

బెంగళూరులో ఏ పెద్ద బ్యాండ్ వచ్చి వెళ్ళినా, మర్నాడు మన తెలుగు స్నేహితుల వాట్సాప్ గ్రూపుల్లో ఇదే వాదన మొదలవుతుంది. "మొత్తం షో రికార్డ్ చేశా మచ్చా, డ్రైవ్‌లో పెట్టనా?" అంటాడు ఒకడు. "పెట్టకురా, అది పైరసీ" అంటాడు ఇంకొకడు. మూడోవాడు వచ్చి "మన దగ్గర అలాంటి చట్టమేం లేదు, పెట్టేయ్" అంటాడు. రెండోవాడి మాటలో కొంత నిజం ఉంది. మూడోవాడి మాటలో మాత్రం లేదు. చట్టం ఉంది, అదీ చాలా వివరంగా ఉంది.

చిక్కంతా ఎక్కడంటే, రికార్డింగ్ అనే ఒక్క మాట కింద మూడు పనులను కలిపేస్తున్నాం. మైదానంలో నిలబడి రికార్డ్ చేయడం ఒకటి. దాన్ని ఏళ్ళ తరబడి పోగొట్టుకోకుండా దాచడం ఇంకొకటి. పదిమందికీ అందేలా బయట పెట్టడం మరొకటి. మూడింటికీ చట్టం ఒకే జవాబు ఇవ్వదు. బ్యాండ్‌లూ ఇవ్వవు.

ఆడియన్స్ టేప్, సౌండ్‌బోర్డ్, బూట్‌లెగ్: ఏది ఏది?

జనంలో నిలబడి సొంత మైకుతో చేసింది ఆడియన్స్ రికార్డింగ్. స్పీకర్ల మోత, మైదానపు గాలి, పక్కవాడి ఈల అన్నీ అందులో పడతాయి. సౌండ్ ఇంజనీర్ ముందుండే మిక్సర్ నుంచి నేరుగా వైరు పెట్టి తీసింది సౌండ్‌బోర్డ్ రికార్డింగ్. ఇది శుభ్రంగా ఉంటుంది కానీ కొంచెం పొడిగా వినిపిస్తుంది. చిన్న పబ్‌లో తీసిన సౌండ్‌బోర్డ్‌లో గిటార్ దాదాపు వినిపించకపోవడం మామూలే. స్టేజి మీది యాంప్లిఫయర్ చప్పుడే ఆ గదికి సరిపోతుంది కాబట్టి ఇంజనీర్ దాన్ని మిక్సర్‌లో పెంచడు. జనంలో ఉన్న మైకుకు మాత్రం ఆ గిటార్ నిండుగా దొరుకుతుంది.

రెండింటినీ కలిపినదాన్ని మాట్రిక్స్ అంటారు. కలపడం చెప్పినంత తేలిక కాదు. శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు ప్రయాణిస్తుంది. స్టేజికి 50 మీటర్ల దూరంలో ఉన్న మైకుకు అది 0.145 సెకను ఆలస్యంగా చేరుతుంది. వైరులో వచ్చినదానికి ఆ ఆలస్యం లేదు. సరే, ఒకదాన్ని జరిపి రెండోదానితో సరిపెట్టారనుకుందాం. అయినా పని పూర్తికాదు, ఎందుకంటే ఏ రెండు రికార్డర్ల లోపలి గడియారాలూ ఒకే వేగంతో నడవవు. పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా చాలు, రెండు గంటల షోలో, అంటే 7200 సెకన్లలో, 0.144 సెకను జారిపోతుంది. మొదటి పాటలో సరిచేసిన తేడా దాదాపు అంతే కొలతలో చివరి పాటలో మళ్ళీ తేలుతుంది. మంచి మాట్రిక్స్ చేసేవాళ్ళకు అభిమానుల్లో అంత గౌరవం ఉండటానికి ఇదీ ఒక కారణం.

ఇక బూట్‌లెగ్. హక్కుదారుల అనుమతి లేకుండా రికార్డులుగా అచ్చువేసి అమ్మే సరుకు అది. 1969లో బాబ్ డిలన్ విడుదల చేయని పాటలతో అమెరికాలో తెల్ల అట్టతో ఒక ఎల్‌పీ రికార్డు వచ్చింది. రాక్‌లో ఈ వ్యాపారానికి అదే మొదలని చెబుతారు. అదే ఏడాది నవంబర్‌లో ఓక్లండ్‌లో రోలింగ్ స్టోన్స్ షోను జనంలోంచి రికార్డ్ చేసి ఎల్‌పీగా అమ్మేశారు. టేపర్లు, అంటే రికార్డ్ చేసి ఉచితంగా మార్చుకునే అభిమానులు, తమను వీళ్ళతో కలిపితే ఒప్పుకోరు. చట్టం దృష్టిలో ఆ గీత అంత స్పష్టంగా లేదు. టేపర్ల మధ్య మాత్రం అది అసలు దాటకూడని గీత.

ప్రతి రాత్రీ వేరుగా ఉన్నచోట పుట్టిన అలవాటు

గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ బ్యాండ్ నిన్న వాయించినట్టు ఇవాళ వాయించేది కాదు. పాటల వరస మారేది, ఒకే పాట ఒక రాత్రి ఎనిమిది నిమిషాలైతే ఇంకో రాత్రి ఇరవై దాటేది. కాబట్టి ఒక్క షో టేపు ఉంటే సరిపోయేది కాదు. టేపర్లు ఎక్కువై, మంచి చోట్లన్నీ ఆక్రమించి, మైకు స్టాండ్లతో వెనకవాళ్ళకు అడ్డొస్తుంటే, 1984 అక్టోబర్‌లో ఆ బ్యాండ్ మిక్సర్ వెనక వాళ్ళకంటూ వేరే చోటు కేటాయించింది. మార్చుకోండి, అమ్మకండి అన్నది ఒక్కటే నియమం. ఆ బ్యాండ్ 1977 మే 8న కోర్నెల్ యూనివర్సిటీలో చేసిన షో టేపు, సొంత ఇంజనీర్ బెట్టీ కాంటర్ జాక్సన్ తీసింది, ఇలాగే చేతులు మారుతూ పేరు తెచ్చుకుని అమెరికా జాతీయ రికార్డింగుల జాబితాలోకి ఎక్కింది.

ఇదంతా మనకు కొత్తగా అనిపించాల్సిన పని లేదు. చెన్నై సభల్లో స్పూల్ టేపుల కాలం నుంచే రసికులు కచేరీలు రికార్డ్ చేసుకున్నారు. కారణమూ అదే. త్యాగరాజ కీర్తన ఒకటే అయినా అప్పటికప్పుడు అల్లే నెరవలు, కల్పనస్వరాలు ఆ రాత్రివి, ఆ రాత్రికే. సంగీతప్రియ అనే వెబ్‌సైట్‌లో అలాంటి టేపులను వ్యాపారం లేకుండా పంచుకుంటారు, మార్కెట్లో దొరికే ఆల్బమ్‌లను మాత్రం రానివ్వరు. గ్రేట్‌ఫుల్ డెడ్ పెట్టిన నియమానికీ దీనికీ పెద్ద తేడా లేదు. మైలాపూర్ రసికులు కాలిఫోర్నియాను చూసి నేర్చుకున్నదేం కాదు.

మరి ప్రతి ఊళ్ళోనూ దాదాపు అవే పాటలు, అదే వరసలో వాయించే బ్యాండ్‌ల సంగతి? ఐరన్ మెయిడెన్ అలాంటిదే. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఆ బ్యాండ్ తొలిసారి భారత్‌లో వాయించింది. అక్కడ రికార్డింగ్‌కు విలువ తెచ్చేది స్టేజి కాదు, జనం. మెయిడెన్ అభిమానులు మాటలే కాదు, గిటార్ బాణీలనూ గొంతెత్తి పాడతారు. హైదరాబాద్, విజయవాడల నుంచి కూడా రాత్రి బస్సులు పట్టుకొచ్చిన కుర్రాళ్ళు అంతవరకు క్యాసెట్లలోనే విన్న పాటలను బ్యాండ్‌తో కలిసి పాడటం ఏ సౌండ్‌బోర్డ్‌లోనూ నిండుగా దొరకదు. 2008 టూర్ మీద ఆ బ్యాండ్ తీసుకొచ్చిన లైవ్ ఆల్బమ్‌లో ఊరికో పాట చొప్పున ఉంటే, మన దేశానికి దక్కింది ముంబైలో వాయించిన ఒక్క పాట. బెంగళూరు 2007 ఆ టూర్ కంటే ముందుది కాబట్టి అందులో ఉండే అవకాశమే లేదు.

ఒక్క పాటలో ఎన్ని హక్కులు

1957 నాటి మన కాపీరైట్ చట్టంలో మొదట రచయితకు, స్వరకర్తకు, రికార్డు కంపెనీకి హక్కులున్నాయి కానీ స్టేజి మీద పాడినవాడికి లేవు. 1994 సవరణతో 38వ సెక్షన్‌లో ప్రదర్శకుల హక్కు వచ్చింది. మొదట 25 ఏళ్ళు ఉన్న గడువును తర్వాత 50 చేశారు. 2012 సవరణతో 38ఎ వచ్చి చేరింది. ప్రదర్శనను రికార్డ్ చేయడం, కాపీలు తీయడం, ఎలక్ట్రానిక్‌గా నిల్వ చేయడం, జనానికి అందించడం, ఇవన్నీ ప్రదర్శకుడి చేతిలోని హక్కులే అని అది విడమర్చి చెప్పింది. ప్రదర్శకుడు అంటే ఎవరని ఇదే చట్టం ఒక జాబితా ఇస్తుంది: నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడు, గారడీవాడు, పాములాడించేవాడు, ఉపన్యాసం ఇచ్చేవాడు... మెటాలికా లాంటి రాక్ బ్యాండ్‌కూ పాములవాడికీ ఒకే సెక్షన్ అన్నమాట. నాకైతే ఈ సమానత్వం నచ్చింది.

స్టేజి మీద ఒక పాట మోగుతున్నప్పుడు మూడు పొరలుంటాయి. పాట రాసి, బాణీ కట్టినవాళ్ళ కాపీరైట్ మొదటిది. అది వాళ్ళ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. పాడి, వాయించినవాళ్ళ హక్కు రెండోది. మూడోది రికార్డింగ్ మీది కాపీరైట్, ఇది నిర్మాతది. నిర్మాత అంటే ఆ రికార్డింగ్ చేయడానికి పూనుకుని బాధ్యత తీసుకున్న వ్యక్తి. ఆ లెక్కన జేబులో రికార్డర్ పెట్టుకుని వెళ్ళిన మన స్నేహితుడే నిర్మాత కావాలి! ఇక్కడే 13వ సెక్షన్‌లోని ఒక మెలిక అడ్డొస్తుంది. రికార్డ్ చేసేటప్పుడు పాట మీది కాపీరైట్ ఉల్లంఘన జరిగి ఉంటే ఆ రికార్డింగ్‌కు అసలు కాపీరైట్ పుట్టదు. "నా రికార్డింగ్‌ను ఎవడో దొంగిలించి యూట్యూబ్‌లో పెట్టాడు" అనే ఫిర్యాదు చట్టం ముందు బలహీనపడేది ఇందుకే.

ఇక "రికార్డ్ చేస్తేనే నేరం" అనేవాళ్ళు 39వ సెక్షన్ చదవాలి. రికార్డ్ చేసుకున్న వ్యక్తి సొంత వాడకానికి, లేదా నిజమైన బోధన, పరిశోధనల కోసం చేసిన రికార్డింగ్ ప్రదర్శకుల హక్కు ఉల్లంఘన కాదని అది సూటిగా చెబుతుంది. వార్తలు, సమీక్ష, బోధన, పరిశోధనల కోసం చిన్న భాగాలను న్యాయమైన మేరకు వాడుకోవచ్చనీ చెబుతుంది. పాట మీది కాపీరైట్ విషయంలో 52వ సెక్షన్ కూడా సొంత వాడకానికి ఇలాంటి వెసులుబాటే ఇస్తుంది.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. కర్నూలు నుంచి వచ్చి మారతహళ్ళిలో ఉంటున్న శ్రీకాంత్ ఒక షో మొత్తం రికార్డ్ చేశాడు. ఇంట్లో వింటున్నాడు. ఇది 39వ సెక్షన్ నీడలోనే ఉంది. హార్డ్ డిస్క్ పోతుందేమోనని ఇంకో కాపీ పెట్టుకున్నాడు. సొంత వాడకమే అని వాదించడం కష్టం కాదు. వాళ్ళ బావమరిది అడిగితే పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. ఇక్కడ నేల కొంచెం మెత్తబడుతుంది, ఎందుకంటే సెక్షన్‌లో ఉన్నది రికార్డ్ చేసుకున్నవాడి సొంత వాడకం, బావమరిది వాడకం కాదు. షో గురించి రాస్తూ, గిటార్ సోలో ఎలా మారిందో చూపడానికి కొద్ది సెకన్ల ముక్క జత చేశాడు. సమీక్ష కిందికి వస్తుంది. మొత్తం రెండు గంటలూ లింక్ ఇచ్చి అందరికీ తెరిచాడు. ఇది జనానికి అందించడం. బ్యాండ్ ఒప్పుకుంటే తప్ప దీన్ని కాపాడే మినహాయింపు ఏదీ ఇందులో లేదు.

టికెట్ వెనక ఉండే షరతులు వేరే సంగతి. "ప్రొఫెషనల్ రికార్డింగ్ పరికరాలు నిషేధం" అన్నది నిర్వాహకుడితో మన ఒప్పందం. చట్టం సొంత వాడకానికి ఒప్పుకున్నా, ఆ షరతు మీరితే గేటు దగ్గర ఆపవచ్చు, లోపల ఉంటే బయటికి పంపవచ్చు.

"డబ్బు తీసుకోలేదు కదా", "ముప్పై సెకన్లే కదా"

ముప్పై సెకన్ల లోపు అయితే ఏమీ కాదన్న మాట ఎక్కడ పుట్టిందో కానీ మన చట్టంలో అలాంటి అంకె లేదు. ఎంత వాడావు, దేనికి వాడావు అన్నవే చూస్తారు. సమీక్ష లేకుండా ఊరికే పెట్టిన ఇరవై సెకన్లు సమీక్ష మధ్యలో వచ్చిన నలభై సెకన్ల కంటే సురక్షితం అని చెప్పలేం.

డబ్బు సంగతి ఇంకొంచెం సూక్ష్మం. తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం చేయకపోతే, ప్రత్యేక కారణాలు రాసి కోర్టు ఆ కనీస శిక్షను తగ్గించవచ్చు. అంటే డబ్బు తీసుకోకపోవడం శిక్షను తగ్గించే కారణం అవుతుంది కానీ తప్పు లేకుండా చేయదు.

రోజువారీ జీవితంలో టేపర్‌కు ఎదురయ్యేది జైలు కాదు, యూట్యూబ్ నోటీసు. అందులోనూ రెండు రకాలు. యంత్రం బాణీని గుర్తుపట్టి హక్కుదారు తరఫున వేసేది క్లెయిమ్. సాధారణంగా ప్రకటనల డబ్బు వాళ్ళకు పోతుంది, లేదా వీడియో కనిపించకుండా పోతుంది. హక్కుదారు చట్టపరమైన నోటీసు పంపి తీయిస్తే అది స్ట్రైక్, 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ మూత. పదేళ్ళుగా పోగుచేసిన షోలు ఒక్కచోటే పెట్టుకున్నవాళ్ళకు అసలు టెన్షన్ ఇదే. చూపించుకోవడానికి పెట్టిన చోటును దాచుకునే చోటు అనుకోవడం వల్ల వచ్చే తిప్పలు ఇవి.

బ్యాండ్‌లు ఏమంటాయి?

లెడ్ జెప్లిన్ మేనేజర్ పీటర్ గ్రాంట్ జనంలో మైకు కనబడితే సహించేవాడు కాదు. 1971లో వాంకూవర్‌లో శబ్ద తీవ్రత కొలవడానికి వచ్చినవారి పరికరాన్ని బూట్‌లెగ్ మైకు అనుకుని దాని పని పట్టాడన్నది రాక్ లోకంలో ప్రసిద్ధమైన కథ. ఆ కోపాన్ని తీసిపారేయలేం. గొంతు పట్టేసిన రాత్రి, సగం తయారైన కొత్త పాట, తీగ తెగిన సోలో, ఇవన్నీ వాయించినవాడి ఇష్టంతో పని లేకుండా శాశ్వతమైపోతాయి. ఏది బయటికి వెళ్ళాలో నిర్ణయించుకునే హక్కు కళాకారుడిదే అన్న వాదనలో న్యాయం ఉంది. మన చట్టంలోని 38బి దీనికి దగ్గరగా వస్తుంది. తన ప్రదర్శనను వక్రీకరించి పేరు చెడగొడితే ప్రదర్శకుడు అడ్డుకోవచ్చు.

రెండో వైపు అనుభవం కూడా గట్టిదే. అభిమానుల దగ్గర టేపులు తిరగడం వల్ల గ్రేట్‌ఫుల్ డెడ్ టికెట్ల అమ్మకం పడిపోలేదు, పెరిగింది. అమెరికన్ రాక్ గిటారిస్ట్ ఫ్రాంక్ జప్పా 1991లో తన బూట్‌లెగ్‌లనే అట్టలతో సహా కాపీ కొట్టి అధికారికంగా అమ్మాడు. దొంగల మీద ఇంతకంటే చమత్కారమైన పగ ఉండదు. పర్ల్ జామ్ 2000లో టూర్‌లోని షోలను ఒక్కొక్కటిగా తామే సీడీలుగా తెచ్చింది. ఆ ఏడాదే, జనం పాటల ఫైళ్ళను ఉచితంగా మార్చుకునే నాప్‌స్టర్ మీద కోర్టుకెళ్ళిన మెటాలికా, షోలలో రికార్డ్ చేసుకోవడానికి మాత్రం అంతకు ముందు నుంచే అభిమానులను అనుమతించింది, 2004 నుంచి తమ షోల రికార్డింగులను తామే అమ్ముతోంది. ఆల్బమ్ కాపీ వేరు, షో టేపు వేరు అని వాళ్ళకు స్పష్టంగా ఉంది. మనకే ఈ రెండూ కలిసిపోతాయి.

అలాగని అనుమతి ఒకసారి ఇస్తే శాశ్వతమని కాదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ లైబ్రరీలో 2002లో మొదలైన లైవ్ సంగీత విభాగం ఒప్పుకున్న బ్యాండ్‌ల షోలనే పెడుతుంది. 2005లో గ్రేట్‌ఫుల్ డెడ్ వైపు నుంచే డౌన్‌లోడ్‌లు ఆపమన్నారు. అభిమానులు గోల చేశాక ఆడియన్స్ రికార్డింగులను మళ్ళీ తెరిచారు, సౌండ్‌బోర్డ్‌లను విని వదిలేయడానికే పరిమితం చేశారు. ఎంతో ఉదారమైన బ్యాండ్ కూడా జనం మైకుతో తీసింది జనానిది, మా మిక్సర్ నుంచి వచ్చింది మాది అని గీత గీసింది. ఆలోచిస్తే అది సబబైన గీతే.

ఈ కథల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మైక్ మిల్లర్డ్‌ది. 1970లలో లాస్ ఏంజెలిస్ షోలకు చక్రాల కుర్చీలో వెళ్ళి, సీటు కింద బరువైన నాకమిచి క్యాసెట్ రికార్డర్ దాచి రికార్డ్ చేసేవాడు. స్నేహితులకిచ్చే కాపీలకు గుర్తులు పెట్టేవాడు, ఏదైనా బూట్‌లెగ్‌గా బయటపడితే ఎవరి నుంచి జారిందో తెలియడానికి. 1994లో చనిపోయాడు. అసలు టేపులు పోయాయనే చాలాకాలం అనుకున్నారు. 1975 ఏప్రిల్ 26న అతను దొంగచాటుగా తీసిన పింక్ ఫ్లాయిడ్ షో, సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ చేతిలో శుభ్రపడి, 2025లో ఆ బ్యాండే తెచ్చిన 'విష్ యు వర్ హియర్' ఆల్బమ్ 50 ఏళ్ళ ప్రత్యేక విడుదలలో చేరింది.

దాచడం అంటే ఫైల్ ఉండటం కాదు

మిల్లర్డ్ టేపు యాభై ఏళ్ళు నిలిచింది. మన ఫోన్లలో ఉన్నవి పదేళ్ళు నిలుస్తాయా అన్నది సందేహమే, అదీ వింత కారణాల వల్ల.

మొదటిది నాణ్యత. ఫోన్ శబ్దాన్ని తానే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. కిక్ డ్రమ్ పడ్డ ప్రతిసారీ గొంతు కిందికి నొక్కుకుపోయి మళ్ళీ లేస్తుంది. పైగా వాట్సాప్‌లో పంపితే ఇంకా కుదించుకుపోతుంది. మంచి చేతి రికార్డర్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో తీస్తుంది. అది సెకనుకు 2,88,000 బైట్లు, గంటకు కాస్త అటూఇటూగా ఒక జీబీ. అదే రెండు గంటల షో 128 కేబీపీఎస్ ఎంపీ3లో 115 ఎంబీ. ఫ్లాక్ అనే పద్ధతిలో చుక్క కూడా పోకుండా దాదాపు సగానికి కుదించవచ్చు. దీన్నే లాస్‌లెస్ అంటారు. ఒకసారి ఎంపీ3 అయిపోయినదాన్ని మళ్ళీ ఫ్లాక్ చేసి "లాస్‌లెస్" అని పంచేవాళ్ళున్నారు. నీళ్ళు కలిపిన మజ్జిగను పెరుగు గిన్నెలో పోస్తే పెరుగు కాదు. శబ్దాన్ని బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసి కోసినట్టు కనబడి, అసలు సంగతి తెలిసిపోతుంది.

ఇక్కడో తమాషా ఉంది. చాలా రికార్డర్లు ఫైల్ 2 జీబీ చేరగానే దాన్ని మూసి కొత్తది తెరుస్తాయి. పై లెక్కన 2 జీబీ నిండేది రెండు గంటల నాలుగు నిమిషాలకు. సరిగ్గా జనం కేకలు వేసి బ్యాండ్‌ను మళ్ళీ స్టేజి మీదికి పిలిచే వేళకి! రెండో ఫైల్ ఉందని తెలియక మొదటిదాన్నే కాపీ చేసుకుంటే, ఆఖరి పాటలు లేని షో మిగులుతుంది. క్యాసెట్ల కాలంలో ఇదే బాధ ఇంకో రూపంలో ఉండేది. తొంభై నిమిషాల క్యాసెట్‌లో వైపుకు 45, కాబట్టి రెండు గంటల షోలో కనీసం రెండుసార్లు తిప్పాలి, లేదా మార్చాలి. ఆ ఖాళీలను ఇంకో టేపర్ రికార్డింగ్‌తో అతికిస్తారు. ఆ అతుకు ఎక్కడుందో రాసిపెట్టడం మర్యాద.

2000ల మొదట్లో చాలామంది వాడింది మినీడిస్క్ అనే చిన్న డిస్క్. దాని మీద మైకుతో తీసినదాన్ని డిజిటల్‌గా కంప్యూటర్‌లోకి తెచ్చే దారి చాలా పోర్టబుల్ మెషిన్లలో లేదు. 2006లో వచ్చిన సోనీ ఎంజెడ్-ఆర్‌హెచ్1 ఆ దారి తెరిచింది. ఇప్పుడు ఆ పాత మెషిన్ సెకండ్‌హ్యాండ్‌లో దొరకడమే గొప్ప. 2003 ఏప్రిల్ 4న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో రోలింగ్ స్టోన్స్ వాయించిన రోజు నాటి డిస్క్ ఎవరి బీరువాలోనైనా ఉంటే, డిస్క్ బాగానే ఉండవచ్చు, చదివే మెషిన్ ఉండకపోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువగా పోయేది శబ్దం కాదు, వివరం. టేపర్లు లీనియేజ్ అనే ఒక వరుస రాస్తారు. ఏ మైకు, ఏ రికార్డర్, ఏ పద్ధతిలో కంప్యూటర్‌లోకి వచ్చింది, ఆ తర్వాత ఏం మార్చారు, ఎక్కడ నిలబడ్డారు అన్నది అందులో ఉంటుంది. దానితోపాటు చెక్‌సమ్ పెడతారు. ఫైల్‌లోని బిట్లన్నిటి మీద లెక్క కట్టి తీసిన 32 అక్షరాల గుర్తు అది. ఒక్క బిట్ మారినా గుర్తు మారిపోతుంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లు గొంతును, డ్రమ్స్‌ను విడదీసి శుభ్రం చేసేస్తున్నాయి కాబట్టి ముట్టని అసలు ఏది, మెరుగుపెట్టింది ఏది అన్న తేడా రాసి ఉండటం ముందెన్నడూ లేనంత అవసరమైంది. "బీఎల్ఆర్ షో ఫైనల్ ఫైనల్ 2" అనే పేరుతో ఉన్న ఫైల్ ఈ ప్రశ్నలకు వేటికీ జవాబు చెప్పదు.

మన ఊరి బ్యాండ్‌ల దగ్గర చిక్కు ఎక్కువ

పెద్ద బ్యాండ్‌ల బెంగళూరు షోలకు ఒకటికి నాలుగు రికార్డింగులు ప్రపంచంలో ఎక్కడో ఉంటాయి. ఇందిరానగర్‌లో కైరా, వైట్‌ఫీల్డ్‌లో కౌంటర్ కల్చర్ అనే లైవ్ సంగీత వేదికలు ఉన్న రోజుల్లో వారం వారం వాయించిన మన బ్యాండ్‌లకు ఆ అదృష్టం లేదు. ఆ రెండు చోట్లూ మూతపడ్డాయి. ఆల్బమ్ చేయకుండానే విడిపోయిన బ్యాండ్ అయితే, ఎవరో స్నేహితుడు బల్ల మీద పెట్టిన రికార్డరే దానికి మిగిలిన చరిత్ర. నా మటుకు నాకు, ఈ చర్చలో ఎక్కువ తొందర పడాల్సింది వీటి గురించే.

కానీ అనుమతి ఎవరిని అడగాలి? అయిదుగురి బ్యాండ్‌లో డ్రమ్మర్ కెనడాలో ఉన్నాడు, బాసిస్ట్ నంబర్ ఎవరి దగ్గరా లేదు, గాయకుడు "ఆ రోజుల్లో నా గొంతు వినలేను అన్నా, వద్దు" అంటున్నాడు అనుకుందాం. మిగతా ఇద్దరూ సరే అంటే సరిపోతుందా? ప్రదర్శకుల హక్కు ఒక్కొక్కరికీ ఉంటుంది కాబట్టి, గాయకుడు వద్దన్నాక మెజారిటీ లెక్క పనిచేయదు. దీనికి తోడు ఇంకో సంగతి. కాలేజీ ఫెస్ట్‌లలో, పబ్‌లలో వాయించినవాటిలో చాలా భాగం పాశ్చాత్య బ్యాండ్‌ల పాటలే. అయిదుగురూ ఒప్పుకున్నా వాళ్ళు వాయించినది ఇంకొకరి పాట అయితే, ఆ రచయితల పొర అలాగే మిగిలి ఉంటుంది. సొంత పాటలు వాయించిన అరగంటను విడిగా తీసి, అది మాత్రమే బ్యాండ్ అనుమతితో పంచడం కొందరు పట్టిన మధ్యేమార్గం. చరిత్ర దృష్టితో చూస్తే షో సగమే అయిపోయిందన్న అసంతృప్తి మిగులుతుంది. ఆ కుర్రాళ్ళు ఏయే పాటలు అరువు తెచ్చుకున్నారన్నదే ఆ కాలపు ముచ్చట కదా.

పంచకుండా దాచే దారి

దాచడానికీ పంచడానికీ ముడి విప్పితే ఈ ఇరకాటం చాలావరకు సడలుతుంది. జానపద, శాస్త్రీయ సంగీతాల రికార్డింగులు సేకరించేవాళ్ళు ఎప్పటి నుంచో చేస్తున్నది అదే. 1982లో మొదలైన ఆర్కైవ్స్ అండ్ రిసెర్చ్ సెంటర్ ఫర్ ఎత్నోమ్యూజికాలజీ లాంటి సంస్థలు రికార్డింగును ఇచ్చినవారి షరతులతో సహా తీసుకుంటాయి. ఎవరు వినవచ్చు, ఎవరు కాపీ తీసుకోవచ్చు అన్నది ఒప్పందంలో ఉంటుంది. విమర్శకులకు దీని మీదా అభ్యంతరం ఉంది. ఎవరికీ వినిపించని రికార్డింగ్ మీద ఎవరికీ ప్రేమ పుట్టదనీ, ప్రేమ లేనిచోట నిర్వహణకు డబ్బూ రాదనీ అంటారు. కోర్నెల్ టేపు బతికింది వందల చేతులు మారబట్టే, ఒకే బీరువాలో ఉండి కాదు. ఆ మాటా కొట్టిపారేయలేనిదే. మన దగ్గర రాక్ కోసం అలాంటి బీరువా ఒకటి ఉన్నట్టు నేనైతే వినలేదు కాబట్టి, ఈ వాదనకు ఇంకా వేళ కాలేదని కూడా అనవచ్చు.

గడువు లెక్క మాత్రం సూటిగానే ఉంది. ప్రదర్శన జరిగిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 50 ఏళ్ళు లెక్కపెడతారు. 2003 స్టోన్స్ షోలో ప్రదర్శకుల హక్కు 2053 డిసెంబర్ చివరితో, 2007 మెయిడెన్ షోలోది 2057 డిసెంబర్ చివరితో తీరుతుంది. పాటలు రాసినవాళ్ళ హక్కు ఆ తర్వాతా ఉంటుంది. కలిసి రాసిన పాటైతే వాళ్ళలో ఆఖరున పోయినవారి తర్వాత 60 ఏళ్ళు. కాబట్టి 2058లో ఆ రాత్రి రికార్డింగ్‌ను బయట పెట్టాలనుకునేవాళ్ళు బ్యాండ్‌ను అడగనక్కర్లేదు, పాటల హక్కుదారులను మాత్రం అడగాలి.